ఒక మనిషికి ఒకే చీటీ

"సెక్రటరీ గారూ, మీరు పెడుతున్నది పోటీనా, లాటరీనా? ముందు అది చెప్పండి."

గొడుగు ముయ్యకుండానే గదిలోకి వచ్చేసింది ఆ అమ్మాయి. అది రేస్ క్లబ్ సెక్రటరీ గది. కుర్చీలో కూర్చున్నవాడు మాత్రం సెక్రటరీ కాదు, ఆయన మేనల్లుడు. మామయ్య ఫోన్ మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళాడు కదా, ఆ గిర్రున తిరిగే కుర్చీలో ఒకసారి కూర్చుని చూద్దామని కూర్చున్నాడు పాపం. సరదా తీరకముందే దొరికిపోయాడు.

"అంటే, నేను..."

"ఆగండి, నన్ను పూర్తిగా చెప్పనివ్వండి. పోయినేడు ఆ బట్టల షాపాయన తన పేరు మీద, భార్య పేరు మీద, బావమరిది పేరు మీద, షాపులో గుమాస్తాల పేర్ల మీద కలిపి పది చీటీలు తీసుకున్నాడు. చివరి రేసులో పది గుర్రాలు. చీటీకొక గుర్రం రాసి పడేశాడు. ఏది గెలిచినా గెలిచేది ఆయనే! దానికి బుర్ర ఎందుకండీ, పెన్నుంటే చాలదూ? కళ్ళలో వత్తులు వేసుకుని గుర్రాల్ని చూసి, ఒక్కో రేసూ ఆలోచించి రాసినదాన్ని నేను. కప్పేమో ఆయనకి, 'అయ్యో పాపం'లేమో నాకు!"

అతను వింటూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం ఆమె నుదుటికి అతుక్కున్న తడి జుట్టు దగ్గర ఆగిపోయాయి. గొడుగు మీంచి కారిన నీళ్ళు బల్ల మీది కాగితాలన్నిటినీ తడిపేస్తున్నాయి. ఆ సంగతి ఆమె చూడలేదు. చూసినవాడికి చెప్పాలనిపించలేదు.

"ఏంటలా చూస్తారు? జవాబు చెప్పండి."

"పది చీటీలు తీసుకోకూడదని రూల్ ఉందాండీ?"

"లేదు."

"అయితే ఆయన తప్పేం లేదు. తప్పు రూల్స్ రాసినవాళ్ళది."

ఆమె ఒంటికాలి మీద లేచింది. "రాసింది మీరే కదా!"

"నేను కాదండీ. నేను సెక్రటరీని కాను."

"మరి ఆ కుర్చీలో ఏం చేస్తున్నారు?"

అతను గబుక్కున కుర్చీలోంచి లేచాడు. అదృష్టం బాగుండి అప్పుడే మామయ్య తలుపు తోసుకుని వచ్చాడు. ఇద్దరినీ మార్చి మార్చి చూసి పకపకా నవ్వాడు.

"ఏమ్మా తుపానూ! నేను వచ్చేదాకా కూడా ఆగలేదా? మావాడి మీదే తీరం దాటేశావా?"

ఆమెకి ఆ పేరు ఊరికే రాలేదు. వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. రోజూ పొద్దున రేడియోలో ఎండలూ వానలూ చదివే గొంతు ఆమెదే. దానికి తోడు ముక్కు మీద కోపం. రెండూ కలిపి క్లబ్‌లో అందరూ తుపాను అనే పిలిచేవాళ్ళు.

అతనిది పరీక్షల బోర్డులో, ప్రశ్నపత్రాలు తయారయ్యే సెక్షన్లో ఉద్యోగం. ఎవడు ఏ దారిన కాపీ కొడతాడో ముందే ఊహించి ఆ దారి మూసెయ్యడం పని. గుర్రాల గురించి అతనికి తెలిసిందల్లా వాటి వెనక నిలబడకూడదని. సరిగ్గా అందుకే మామయ్య అతన్ని పట్టుకొచ్చాడు. "గుర్రాల పిచ్చి ఉన్నవాడు రూల్స్ రాస్తే తనకి అనుకూలంగా రాసుకుంటాడు. నీకా బాధ లేదు. ఈసారి పోటీ ఎలా జరగాలో నువ్వే రాసిపెట్టాలిరా అల్లుడూ," అన్నాడు.

పోటీ వినడానికి చిన్నదే. ప్రతి రేసులో ఏ గుర్రం గెలుస్తుందో ముందే చీటీ మీద రాయాలి. డబ్బు మాట ఉండదు, అన్నీ పాయింట్లే. అందరూ నమ్మిన గుర్రం గెలిస్తే తక్కువ, ఎవరూ నమ్మని గుర్రం గెలిస్తే ఎక్కువ. చివరికి ఎవరి పాయింట్లు ఎక్కువైతే కప్పు వాళ్ళది. ఈ ఏడు కప్పుతో పాటు ఇంకొకటి కూడా ఉంది. రేసుల రోజున పంచే చిన్న పుస్తకం, రేస్ కార్డులో ఏ గుర్రం ఎలా ఉందో చెప్పే అంచనాల పేజీని ఇన్నేళ్ళుగా రాస్తున్న పెద్దాయన ఇక చాలంటున్నాడు. పోటీలో గెలిచినవాళ్ళకే ఆ పేజీ అని కమిటీ తేల్చేసింది.

ఆ పెద్దాయన తుపానుకి స్వయానా తాత.

"నేను చదవడం నేర్చుకున్నదే ఆ పేజీ మీద," అంది ఆమె, ఎదురుగా కూర్చుని. గొంతులో ఇందాకటి కోపం లేదు. "అది నాకు కావాలి. కానీ తాత పేజీ మనవరాలికి ఊరికే వచ్చిందని ఒక్కరు కూడా అనకూడదు. గెలిచే తీసుకోవాలి. నేను గెలిచానని అందరూ ఒప్పుకోవాలంటే పోటీ సరిగ్గా ఉండాలి కదండీ?"

తిట్టినప్పుడు బాగుందనుకున్నాడు. ఈ మాట అన్నప్పుడు మాత్రం మన పరీక్షల బాబు పూర్తిగా పడిపోయాడు. ఆ సంగతి గదిలో అతనికి తప్ప అందరికీ తెలిసింది. అందరూ అంటే మామయ్య ఒక్కడే అనుకోండి.

"సరే, ఒక పని చేద్దాం," అంది ఆమె. "మీరు రూల్స్ రాయండి. నేను విరగ్గొడతాను. ఇక నా వల్ల కాదు అన్నప్పుడు అచ్చు వేయిద్దాం. ఒక్కో రూల్ విరిగినప్పుడల్లా మీరు నాకో బిస్కెట్ ప్యాకెట్."

మర్నాటి సాయంత్రం అతను చాలా ధీమాగా వచ్చాడు. "ఒక మనిషికి ఒకే చీటీ. ఇంకొకరి పేరు మీద రాయడం కుదరదు. అంతే, అయిపోయింది."

"ఎక్కడ అయిపోయింది? చివరి రేసు ముందు నేను వెనకబడి ఉన్నాననుకోండి. ఏం చేస్తాను? నడవడానికే బద్ధకించే గుర్రమైనా సరే, ఎక్కువ పాయింట్లు వచ్చేదాని పేరు రాసేస్తాను. పోతే పోయేదేముంది? తగిలిందా, పొద్దున్నించీ బాగా ఆడినవాడి నోట్లో మన్నే."

ఒక ప్యాకెట్ పోయింది. తరవాతి రోజు కొత్త రూల్ తెచ్చాడు. ఎంత పనికిరాని గుర్రం గెలిచినా ఇరవై పాయింట్లకి మించి ఇవ్వరు.

"బాగుంది. ఇప్పుడు నేనే ముందున్నాను. పాయింట్లన్నీ బోర్డు మీద కనిపిస్తున్నాయి. నా వెనకాల ఉన్నవాడు ఏ గుర్రం రాశాడో ఓరగా చూసి నేనూ అదే రాస్తాను. ఇక వాడు నన్నెలా దాటతాడు? ఇది గుర్రాల తెలివా, పక్కవాడి పేపర్లోకి తొంగిచూసే తెలివా?"

"కాపీ!" అతను కుర్చీలోంచి లేచాడు. ఆ జబ్బుకి మందు అతనికి కొట్టిన పిండి. "మొదటి రేసుకి ముందే అన్ని రేసులకీ కలిపి చీటీ రాసి పెట్టెలో వెయ్యాలి. పెట్టెకి తాళం. బోర్డు తీసేద్దాం. చివరి రేసు అయ్యాకే పెట్టె తెరుస్తాం."

"మరి నేను రాసిన గుర్రం రేసు నుంచి తప్పుకుంటే?"

"దాని బదులు, పరుగు మొదలయ్యే వేళకి జనం దేన్ని ఎక్కువ నమ్మితే ఆ గుర్రం మీది."

"అబ్బో! అయితే కాలు నొప్పిగా ఉన్న గుర్రాన్నే వెతికి రాస్తాను. అదెలాగూ తప్పుకుంటుంది. ఊళ్ళోవాళ్ళంతా ఆలోచించి మంచి గుర్రాన్ని ఏరి నా చేతిలో పెడతారు. నేను ఆలోచించక్కర్లేదు కూడా!"

"మీరు అసలు పరీక్షలు ఎలా పాసయ్యారండీ?"

"నిజాయితీగా. దొంగ ఆలోచన రావడం వేరు, దొంగతనం చెయ్యడం వేరు. ప్యాకెట్ ఇటివ్వండి."

ఎవరికి వారే రెండో గుర్రాన్ని కూడా ముందే రాసుకోవాలని ఆ కన్నం పూడ్చారు. ఇలా సాయంత్రాలు గడిచాయి. మామయ్య పాత రేసుల వీడియోలు వెతికి పెట్టేవాడు. వాటి మీద ఉత్తుత్తి పోటీ ఆడేవాళ్ళు. ఆమె గుర్రాల నడక చూసేది, అతను ఆమెని చూసేవాడు. అందుకే ఒక్కసారీ గెలవలేదు. మీరు కాస్తా నువ్వు అయింది, అది ఎప్పుడు జరిగిందో ఇద్దరూ గమనించలేదు.

"ఇంకొకటి ఉండాలి," అంది ఒకరోజు. బయట సన్నగా జల్లు పడుతోంది. "ఎవరికి వాళ్ళు ఒక్క రేసుని భరోసా రేసు అని గుర్తు పెట్టుకోవాలి. అందులో గెలిస్తే పాయింట్లు డబుల్. బాగా తెలిసినవాళ్ళకి దేన్ని గట్టిగా నమ్మాలో కూడా తెలియాలి కదా."

"నువ్వు దేన్ని గట్టిగా నమ్ముతావ్?"

"నా కళ్ళని. నువ్వు?"

"నేనూ నీ కళ్ళనే," అనేశాడు. అని, చెవుల దాకా ఎర్రబడి, బిస్కెట్ ప్యాకెట్ విప్పడంలో మునిగిపోయాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. తిరిగి నవ్వుకుంది.

చివరికి ఒక సాయంత్రం ఆమె రూల్స్ అన్నీ అటూ ఇటూ తిరగేసి రెండు చేతులూ ఎత్తేసింది. "ఓడిపోయాను. దీన్ని విరగ్గొట్టడం నా వల్ల కాదు." అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఇంటికి వెళ్ళి ఉత్సాహంగా టైప్ చేసి, అచ్చుకి పంపించేశాడు.

అక్కడే పప్పులో కాలేశాడు.

పరీక్షల బోర్డులో ఏ కాగితం బయటికి వెళ్ళినా కింద ఒక వాక్యం ఉండాల్సిందే. ప్రశ్నపత్రం తయారుచేసినవాడి కొడుకే ఆ పరీక్ష రాస్తే ఇంకేముంది? అలవాటు పడిన చెయ్యి కదా, ఈ కాగితం కింద కూడా దానంతటదే టైప్ చేసేసింది: 'నిబంధనల తయారీలో పాలుపంచుకున్నవారు, వారి బంధువులు ఈ పోటీకి అనర్హులు.'

నోటీసు బోర్డు దగ్గర అది చదివి ఆమె నేరుగా అతని ముందుకొచ్చి నిలబడింది. కేకలు వెయ్యలేదు. వేసినా బాగుండేది.

"నేను విరగ్గొట్టలేని రూల్ రాశావు. కంగ్రాట్స్."

"అది... అలవాటులో... నిన్ను అందులో అనుకోలేదు."

"ఇన్నాళ్ళూ నీ ఎదురుగా కూర్చున్నది ఎవరనుకున్నావ్?"

"ఇప్పుడే కొట్టేయిస్తాను."

"కొట్టేస్తే? తుపాను కోసం రూల్ మార్చారంటారు. అప్పుడు గెలిచినా గెలిచినట్టు కాదు. ఉంచితే ఆడలేను, తీస్తే గెలవలేను." వెళ్ళబోతూ ఆగింది. "ఆ పేజీ నాకెంత ముఖ్యమో నీకొక్కడికే చెప్పాను."

ఆమె వెళ్ళిపోయింది. ఆఫీసులో ఏం రాస్తున్నాడో అతనికి తెలియలేదు, ఎవరేం అడిగారో వినపడలేదు. ఒకటే ఆలోచన. అసలు ప్రశ్నపత్రం తయారుచేసినవాడిని ఎందుకు దూరంగా ఉంచుతాం? మిగతావాళ్ళకి తెలియనిది అతనికి తెలుసు కాబట్టి. ఆ తెలిసింది అందరికీ తెలిసిపోతే? అలా అనుకున్నవాడు అనుకున్నట్టే లేచి, సెలవు పెట్టి, మామయ్య దగ్గరికి పరిగెత్తాడు.

ఆ ఆదివారం క్లబ్ హాల్లో సభ్యులందరినీ కూర్చోబెట్టారు. నలుగురి ముందు మాట్లాడటం అతనికి అలవాటు లేదు. అయినా లేచాడు.

"ఈ రూల్స్ నేనొక్కణ్ణే రాయలేదండీ. వాతావరణ కేంద్రం అమ్మాయి వీటిని ఒక్కొక్కటే విరగ్గొట్టి చూపించింది. తనకి తెలిసిన కన్నాలన్నీ ఇప్పుడు మీకూ చూపిస్తాను."

దాచకుండా అన్నీ చెప్పాడు. ఏ రూల్ ఎందుకు వచ్చిందో, అది లేకపోతే ఎవడు ఎలా మోసం చెయ్యొచ్చో విడమరిచాడు. చెప్పి, "మీలో ఎవరైనా ఇంకో కన్నం పెట్టగలిగితే పెట్టండి," అన్నాడు.

హాలంతా సంతలా అయిపోయింది. తలా ఒక మోసం ఊహించి అరుస్తున్నారు. బట్టల షాపాయన లేచి నిలబడ్డాడు. "ఇద్దరికి పాయింట్లు సమానంగా వస్తే ఏం చేస్తారయ్యా?" నిజమే, అది ఎవరికీ తట్టలేదు. భరోసా రేసులో ఎవరి గుర్రం గెలిస్తే వాళ్ళదే పైచెయ్యి అని అక్కడికక్కడే రాసుకున్నారు. షాపాయన మీసం మెలేస్తూ కూర్చున్నాడు.

"సంతోషం," అన్నాడు పరీక్షల బాబు. "ఇప్పుడు ఈ హాల్లో ఉన్నవాళ్ళంతా రూల్స్ తయారీలో పాలుపంచుకున్నవాళ్ళే. చివరి వాక్యం ప్రకారం మీరందరూ అనర్హులు. ఇక గుర్రాలే చీటీలు రాసుకోవాలి."

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు. ఆ వాక్యం పెట్టె తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ళకీ, వాళ్ళ బంధువులకీ మాత్రమే వర్తించాలని చేతులెత్తి ఒప్పుకున్నారు. అందరికన్నా ముందు లేచిన చెయ్యి బట్టల షాపాయనదే.

వెనక వరసలో తాత పక్కన నిలబడి ఆమె చప్పట్లు కొడుతోంది. ఆ నవ్వు చూస్తే అతనికి ఒక్క ఉరుకున వెళ్ళి మనసులో మాట చెప్పెయ్యాలనిపించింది. సరిగ్గా అప్పుడే మామయ్య అతని చేతిలో పెట్టె తాళంచెవి పెట్టాడు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. తాళం తన దగ్గరుండగా ఆమెతో కలిసి ఒక్క కాఫీ తాగినా, రేపు ఆమె గెలుపు మీద ఎవడో ఒకడు వేలు చూపిస్తాడు.

ఆమె దగ్గరికి వచ్చింది. "థాంక్స్ చెబుదామని. కాఫీకి వెళ్దామా?"

"పోటీ అయ్యేదాకా మనం మాట్లాడుకోకూడదు."

"అది ఏ రూల్లో ఉంది?"

"ఏ రూల్లోనూ లేదు," అని తలొంచుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత క్లబ్ గేటు దగ్గర ఎదురుపడినా పలకరించలేదు.

"చూశావా తాతా, వాడికి మనుషుల కన్నా రూల్సే ఎక్కువ," అంది ఇంటికెళ్ళి, చెప్పులు విసిరేస్తూ.

"ఎవరి కోసం పాటిస్తున్నాడో అడిగావా?" అన్నాడు తాత పేపర్లోంచి తల ఎత్తకుండా.

పోటీ రోజు తెల్లగా తెల్లారింది. మబ్బు తునక కూడా లేదు. ఆమె ఎప్పటిలాగే రేడియోలో చదివింది: "ఈ మధ్యాహ్నం ఉరుములతో కూడిన భారీ వర్షం కురుస్తుంది. ప్రజలు గొడుగులు వెంట ఉంచుకోవాలి." ఊరంతా విన్నారు. విని నవ్వుకున్నారు. "వాతావరణం వాళ్ళు వాన అన్నారంటే హాయిగా బట్టలు ఆరేసుకోవచ్చు," అని ప్రేక్షకుల స్టాండ్‌లో అందరినీ నవ్విస్తున్నాడు షాపాయన. చీటీలన్నీ పెట్టెలో పడ్డాయి. తాళం పడింది.

అయిదో రేసు దాకా ఎండ మండిపోయింది. ఆ తరవాత పడమటి నుంచి నల్లగా కమ్ముకొచ్చింది చూడండీ! చినుకు కాదు, జల్లు కాదు, కుండలతో కుమ్మరించినట్టు వాన. జనం పేపర్లు నెత్తిన పెట్టుకుని పరుగులు తీశారు. ట్రాక్ బురద బురద అయిపోయింది. ఎండలో ఈల వేసినట్టు పరిగెత్తే గుర్రాలు ఆ బురదలో అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయాయి. చీటీ మార్చుకుందామంటే పెట్టెకి తాళం.

స్టాండ్ మెట్ల మీద ఒక్కటే గొడుగు కనిపిస్తోంది. దాని కింద ఆమె, తాత.

ఆఖరి రేసులో చిలిపి అనే పొట్టి ఆడగుర్రం ఉంది. పొడి నేల మీద అది ఎప్పుడూ వెనకే. తడి నేల దొరికితే దాన్ని పట్టుకోలేరని తాత పొద్దున అంచనాల పేజీలో రాశాడు కూడా. బురద ఎగజిమ్ముకుంటూ అది ఒక్కొక్క గుర్రాన్నే దాటింది. చివరి మలుపులో ముందుకొచ్చి, అందరి నోళ్ళూ తెరిపించి గెలిచింది.

మెట్ల కిందే, వరండాలో పెట్టె తెరిచారు. అతను చీటీలు పైకి చదువుతున్నాడు, మామయ్య పాయింట్లు కూడుతున్నాడు. చాలాసేపు షాపాయనే ముందున్నాడు. చివరగా చేతికొచ్చిన చీటీ ఆమెది. ఎండలో జరిగిన రేసుల్లో ఆమెకి దక్కింది అంతంత మాత్రమే. వాన మొదలయ్యాక మాత్రం ఒక్కటీ తప్పలేదు.

"చివరి రేసు, చిలిపి," చదివాడు. ఊపిరి పీల్చుకున్నాడు. "భరోసా రేసు ఇదే."

మామయ్య కూడడం ఆపి కళ్ళజోడు తీశాడు. "తుపానే గెలిచింది!"

"అన్యాయం!" షాపాయన తడిసి ముద్దైన చొక్కాతో లేచాడు. "వాన పడుతుందని ఆమెకి ముందే తెలుసు!"

అతను నెమ్మదిగా అడిగాడు. "పొద్దున రేడియో విన్నారాండీ?"

"విన్నాను."

"ఏం చెప్పారు?"

షాపాయన గొంతు తగ్గించాడు. "వాన పడుతుందని."

"చెప్పిందెవరు?"

ఇక చూడాలి ఆ గోల. ఈలలు, చప్పట్లు, కేకలు. షాపాయన కూడా ఉండబట్టలేక నవ్వేశాడు. ఆమె దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాడు. "ఊరందరికీ చెప్పి మరీ గెలిచావు తల్లీ. ఇంత న్యాయంగా ఓడిపోవడం నాకిదే మొదటిసారి." ఆ మాటతో ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గెలిచానని అందరూ ఒప్పుకోవాలని కదా కోరుకుంది!

"ఆ పేజీ నీదమ్మా," అన్నాడు తాత, ఆమె తల నిమురుతూ. "నేనిచ్చింది కాదు, నువ్వు తెచ్చుకున్నది."

అతను తాళంచెవి మామయ్య చేతిలో పెట్టేశాడు. వానలో తడుస్తూ మెట్లెక్కి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా సార్?" అంది ఆమె, గొడుగు జరపకుండా. "ఇన్నాళ్ళూ నా మొహం కూడా చూడలేదు."

"చూస్తే దొరికిపోయేవాణ్ణి. నాకు నువ్వంటే ఎంత ఇష్టమో నా మొహం మీదే రాసుంది. తాళం నా దగ్గరుండగా అది ఎవరికీ కనిపించకూడదు. నీ గెలుపు మీద మచ్చ పడకూడదు."

ఆమె గొడుగు అతని తల మీదికి జరిపింది. అతను దాని కిందికి వచ్చాడు.

"అంత ఇష్టమైనవాడివి ముందే చెప్పి, తాళం ఇంకొకరికి ఇవ్వొచ్చుగా?" అంది మెల్లగా.

నిజమే! ఆ దారి ఒకటుందని అతనికి తట్టనే లేదు.

"చూశావా, ఇదీ విరగ్గొట్టాను," అని పకపకా నవ్వింది. నవ్వుతూనే అతని చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

తాత గొంతు సవరించుకున్నాడు. "బాబూ, రాయడానికి పేజీ కూడా లేదు, ఇక నాకు ఖాళీయే. రేపు సాయంత్రం మీ మామయ్యని తీసుకుని మా ఇంటికి రా. పెద్దవాళ్ళం కూర్చుని మాట్లాడుకుంటాం."

"వాన పడితే?" అడిగాడు మామయ్య వెనక నుంచి.

"రేపు పడదు," అంది తుపాను.

మర్నాటి సాయంత్రం ఆకాశం నిండా కారుమబ్బులే. ఊళ్ళో అందరూ గొడుగులు పట్టుకుని తిరుగుతున్నారు. మామయ్య కూడా ఒకటి తీసి చంకలో పెట్టుకున్నాడు. మేనల్లుడు దాన్ని లాక్కుని తలుపు వెనక తగిలించాడు. ఇద్దరూ ఉత్త చేతులతోనే నడుచుకుంటూ వెళ్ళారు. వాళ్ళు ఆ గుమ్మం ఎక్కేదాకా ఒక్క చినుకు కూడా పడలేదు.